చిత్రకళలో జడచైతన్యముల తగవు

జడమునకును చైతన్యమునకును గల తగవు తత్త్వశాస్త్రమున మిగుల పాతది. చిత్రకళలో మాత్రము అది పక్షములు కట్టి, ప్రకటనపత్రములు వెలువరించి, ప్రత్యేక ప్రదర్శనములు నడపునంతటి రచ్చగా పరిణమించినది 19వ శతాబ్దపు చివరి భాగమున, ఫ్రాన్సు బెల్జియము దేశములయందు. అంతకు మున్ను దేవాలయములకు పటములు వ్రాసిన క్రైస్తవ చిత్రకారుడు బంగారు రేకును పలకపై నద్ది, అదియే స్వర్గకాంతి యని నమ్మి యూరకుండెను. ఆ రేకు లోహమా వెలుగా యను సందేహము వానిని బాధించినట్లు కానరాదు. ఆ సందేహముచే బాధింపబడినవారు ప్రతీకవాదులని పేరు పొందిన చిత్రకారులు. వారిని మెచ్చుకొనువారును వెక్కిరించువారును మనలో గలరు. మేమీ వ్యాసమున విచారింపదలచినది వారి రంగుల సొగసు గాదు. జడమును జయింపబూనిన యీ కళ జడమని దేనిని పిలిచినది, దానికి ఎవరి మొగము తగిలించినది, ఆ పనివలన చిత్రములకు గలిగిన లాభనష్టము లెట్టివి యనునదియే మా ప్రశ్న.

వారి తిరుగుబాటునకు కారణము లేకపోలేదు. ఆ కాలపు ఫ్రెంచి చిత్రకళయందు కంటికి కనబడినదే సత్యమను మతము ప్రబలియుండెను. దేవదూతను వ్రాయుమన్నవానితో కూర్బే యను చిత్రకారుడు, ముందొక దేవదూతను తెచ్చి చూపు మనెనని ప్రతీతి. ఆయన వెనుక వచ్చిన ఇంప్రెషనిస్టులు వస్తువును విడిచి వస్తువుపై బడు వెలుగును బట్టుకొనిరి గాని, వారును కంటిని దాటి లోనికి పోలేదు. ఇట్లుండగా 1886వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన 'ఫిగారో' పత్రికలో జాన్ మొరేయాస్ అను కవి ప్రతీకవాదమను పేరు పెట్టి యొక ప్రకటన వెలువరించెను. భావమునకు ఇంద్రియములకు గోచరమగు రూపమును వస్త్రముగా తొడుగవలెననియు, ఆ వస్త్రమే ప్రధానము కారాదనియు దాని సారము. 1891 మార్చిలో ఆల్బేర్ ఓరియే యను యువవిమర్శకుడు 'మెర్క్యూర్ ద ఫ్రాన్స్' పత్రికయందు గోగాన్ చిత్రములను గూర్చి వ్రాయుచు ఈ సిద్ధాంతమును చిత్రకళకు దెచ్చెను. చిత్రము భావప్రధానమును, ప్రతీకాత్మకమును, సంశ్లిష్టమును, ఆత్మాశ్రయమును, అలంకారరూపమును కావలెనని యైదు లక్షణములు చెప్పి, మరుసటి యేడే, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను.

కవి వ్రాసిన ప్రకటనను చిత్రకారుడు తలదాల్చుటలో నొక చిక్కు గలదు. కవి నోటి మాటకు బరువు లేదు. గాయకుని స్వరము పుట్టిన క్షణముననే గాలిలో కలియును. చిత్రకారుని సామగ్రియో కావిమన్ను, సీసపు తెలుపు, దీపపు మసి, అవిసెనూనె, నారగుడ్డ. చైతన్యము నెంత పొగడినను వాడు దినమెల్ల చేత బట్టి నూరునది మన్నే. తాను నిందించు జడముతోనే తాను స్తుతించు చైతన్యమును వ్రాయవలసిన యీ మనుష్యుడు రెండు విధముల ప్రవర్తింపవచ్చును. తన చేతిలోని మన్నును నమ్మి దానిచేతనే పలికింపవచ్చును. లేదా, ఆ మన్నును లోలోన నీచమని యెంచి, బొమ్మలోని యొకానొక పాత్రకు జడమని పేరు పెట్టి, ఆ పాత్రను నిందించి తృప్తి నొందవచ్చును. ప్రతీకవాదులలో ఈ రెండు తెగలవారును గలరు. ఒక్కొకప్పుడు ఒక్క మనుష్యునియందే ఆ యిద్దరును గలరు.

గుస్తావ్ మొరో (1826-1898) అట్టివాడు. 1864లో పారిసు సలోన్ ప్రదర్శనమున ఆయనకు కీర్తి దెచ్చిన 'ఈడిపసు, స్ఫింక్సు' అను చిత్రము నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. గ్రీకు పురాణమున స్ఫింక్సు పొడుపుకథ వేసి, విప్పలేనివారిని చంపు రాక్షసి. సింహపు మేను, పక్షి రెక్కలు, స్త్రీ ముఖము గలది. మొరో చిత్రమున నది ఈడిపసు రొమ్మునకు గోళ్లతో వ్రేలాడి వాని కన్నులలోనికి చూచుచుండును. వాడు చలింపక తిరిగి చూచుచుండును. ఈ స్ఫింక్సు ఐహికమాయ యనియు, జడమువలె నీచమును జడమువలె ఆకర్షకమును నైనదనియు, దాని మొగము సుందరియగు స్త్రీ మొగ మగుటకు భావ మిదియే యనియు అర్థము వచ్చునట్లు చిత్రకారుడే తన టిప్పణములలో వ్రాసికొనెను. అట్లగుట, ఇది విమర్శకులు కల్పించి యంటగట్టిన యర్థమని త్రోసివేయ వీలులేదు. జడము ఆడుది, ఆత్మ మగవాడు. పద్దు ఇంత తేటగా వ్రాసియున్నది.

పండ్రెండేండ్లకు, 1876 సలోనులో, ఆయన 'దర్శనము' అను జలవర్ణచిత్రము నుంచెను. హేరోదు రాజు నెదుట సలోమి నాట్యమాడుచున్నది. ఒడలెల్ల మణులు, పలుచని తెరలు. యోహాను ప్రవక్త ఖండితశిరస్సు నెత్తురోడుచు, కిరణమండలముతో గాలిలో తేలి యామె నెదుట నిలిచినది. ఆమె చేయి చాచి దానిని చూపుచున్నది. ఎనిమిదేండ్ల పిమ్మట, 1884లో, హ్యూస్మాన్స్ తన నవలలో నీ చిత్రమును వర్ణించి, సలోమిని సర్వకాముకత్వమునకును దేవతగా చేసి కూర్చుండబెట్టెను. అది మొదలు ఐరోపాలో సలోమిని వ్రాయనివాడు చిత్రకారుడు కాడన్నట్లాయెను. ఇచ్చట మా పాఠకులు సువార్తలను తెరచి చూతురు గాక. అందా బాలికకు పేరైనను లేదు. తల్లి నేర్పిన కోరికను ఆమె యడిగినది. నిండుసభలో నోరుజారి ప్రమాణము చేసినవాడు రాజు. భటుని పంపి తల నరికించినవాడు రాజు. పదునెనిమిదివందల యేండ్ల తరువాత ఆ నేరము రాజును విడిచి నాట్యమాడిన పిల్లకు చుట్టుకొనినది! చిత్రమున హేరోదు ఒక ప్రక్కగా గద్దెపై కూర్చుండి కొయ్యవలె నున్నాడు. వానిని జడమని యెవరును అనలేదు.

అయినను మొరో చేతికి మొరో మతము కంటె తెలివి హెచ్చు. ఆ చిత్రమును నిదానించి చూడుడు. రాజు గాని, రాణి గాని, కత్తి బట్టి నిలిచిన తలారి గాని ఆ తేలు శిరస్సును చూచుచున్నట్లు తోపదు. చూచుచున్నది సలోమి యొక్కతెయే. చిత్రము పేరు 'దర్శనము'. ఆ దర్శనము గలిగినది జడమని నిందింపబడిన స్త్రీకి. సభలోని పురుషులందరు రాళ్లైపోగా ఆమె మాత్రము మేల్కొనియున్నది. చిత్రకారుడు ఏమి తలచెనో మేమెరుగము గాని, వ్రాసినది మాత్రమిది.

మొరో ముసలితనమున, 1894-95లలో, వ్రాసిన 'జూపిటరు, సెమెలే' యందు తగవు మఱియొక దారి బట్టినది. దేవుని నిజరూపమును చూడగోరి యా తేజమునకు దగ్ధమైన మానవకాంత కథ యది. రెండు మీటర్లకు పైబడిన యెత్తుగల ఆ గుడ్డపై వేలెడు చోటు ఖాళీ లేదు. పూలు, రత్నములు, కొమ్ములు, రెక్కలు, స్తంభములు, స్తంభములపై మరల పూలు. చిత్రమునకు 'అవసరమగు సంపద' వలయునని ఆయన బోధించువాడట. ఆత్మను చూపుటకై ఆరంభించి ఆయన నగల యంగడిని చూపినాడని మా యభిప్రాయము. మొరో దేవతలకు గడియారపు గొలుసులు తొడుగునని దెగా యను చిత్రకారుడు చేసిన పరిహాసము క్రూరమే గాని అసత్యము గాదు. జడమును తృణీకరించువాడు దానిని విడువలేక విడువలేక కుప్పలు పోయుట లోకమున కొత్త గాదు. సంసారము మిథ్య యని యుపన్యసించి పట్టుశాలువ కొరకు కనిపెట్టుకొనియుండువారిని మనమెరుగమా?

ఆయన మరణానంతరము, 1903లో, ఆయన యిల్లే ప్రదర్శనశాలగా తెరువబడినది. దానికి మొదటి పాలకుడు ఆయన శిష్యుడగు రువో. అందు మొరో పూర్తి చేయక విడిచిన గుడ్డలు విస్తారముగా నున్నవి. అట్టివానిలో రంగు దట్టముగా, పేరు లేని మరకలుగా నిలిచి, పైని సన్నని గీతలు మాత్రము వ్రాలియుండును. మాకు పూర్తియైన సెమెలే కంటె ఆ విడిచిన గుడ్డలయందే ప్రాణ మెక్కువగా దోచును. మాటీస్ వంటి శిష్యుడు ఈ గురువు కడ నుండి బయలువెడలుట యందుచేతనే వింతగా నుండదు.

మొరో యింటిలో నొంటరిగా పడిన బాధను కొందరు సంఘనియమముగా మార్చిరి. జోసెఫాన్ పెలదాన్ అను రచయిత, తనకు తానే దివ్యబిరుదములు ధరించినవాడు, 1892 మొదలు 1897 వరకు పారిసునందు 'రోజ్ క్రువా' పేరిట ఏటేట చిత్రప్రదర్శనములు నడపెను. మొదటిది 1892 మార్చిలో ద్యురాన్-రుయెల్ వర్తకుని శాలలో జరిగెను. జడవాదమును కళనుండి తరిమివేయుట వాని వ్రతము. అందులకై నియమావళి యొకటి యేర్పరచి, చరిత్రచిత్రములు, పల్లెటూరి దృశ్యములు, ప్రకృతిదృశ్యములు, తిండిపదార్థముల బొమ్మలు మొదలగువానిని నిషేధించెను. ఆ నియమములలోనే, మంత్రశాస్త్రవిధి ననుసరించి యే స్త్రీ వ్రాసిన కృతియు ఎన్నడును ప్రదర్శింపబడదని గలదు. కారణము చెప్పలేదు, చెప్పవలసిన యక్కరయు వానికి దోపలేదు. గుమ్మడికాయ బొమ్మను, గొల్లపల్లె బొమ్మను, స్త్రీ చేతి బొమ్మను ఒకే పట్టికలో నిషేధించిన యీ మహనీయుడు ఆత్మ యనగా నేమనుకొనెనో యా పట్టికయే చెప్పుచున్నది. మొరో గాని, ప్యూవి ద శవాన్ గాని, మేము ముందు చెప్పబోవు రెడాన్ గాని ఆ ప్రదర్శనములలో పాల్గొనలేదు.

ఆ ప్రదర్శనములలో పేరు పొందినవారిలో జాన్ డెల్విల్ అను బెల్జియము చిత్రకారుడు మనకు కొంత చుట్టరికము గలవాడు. అతడు పిదప దివ్యజ్ఞాన సమాజమున చేరి, బెల్జియము శాఖకు కార్యదర్శియై పని చేసెను. ఆ సమాజమునకు 1882 మొదలు ప్రధానస్థానము మన చెన్నపట్టణమునందలి అడయారు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారిని జగద్గురువుగా చాటినదియు నా సమాజమే; ఆ గురుపీఠమును 1929లో ఆయనయే రద్దుచేసెను. డెల్విల్ గీతలో పటుత్వము గలదు, సందేహము లేదు. 1895లో వ్రాసిన 'సైతాను నిక్షేపములు' అను చిత్రమున సముద్రగర్భమున, పగడముల నడుమ, స్త్రీపురుషుల నగ్నదేహములు ప్రవాహమువలె పెనగొని నిద్రించుచుండ, జలచరపు చేతులవంటి రెక్కలతో సైతాను వారిని దాటిపోవుచుండును. జడము బంధము, దేహము నిక్షేపము, కావలివాడు సైతాను. 1898లో వ్రాసిన 'ప్లేటో పాఠశాల' దీనికి ప్రత్యుత్తరము. ఆరు మీటర్ల వెడల్పుగల యా మహాపటమున, నీలిపూల తీగల క్రింద ప్లేటో తెల్లని వస్త్రముతో కూర్చుండి బోధించుచున్నాడు. చుట్టును పండ్రెండుగురు శిష్యులు, అందరు కోమలకాయులగు యువకులు. స్త్రీ యొక్కతెయు లేదు. ఐనను ఆ యువకులకు స్త్రీల మెత్తదనము, స్త్రీల కేశములు, స్త్రీల నడుములు గలవు! స్త్రీని గడప వెలుపల నిలిపి, ఆమె సొగసును మాత్రము దొంగిలించి లోన పెట్టుకొనినట్లున్నది. స్త్రీత్వము పురుషత్వము నొక్కటగుటయే ఆత్మపూర్ణతకు గుర్తని సమర్థించువారు గలరు. ఒక్కటగునప్పుడు ఇద్దరును రావలయును గదా. ఒకరిని పిలువకయే ఐక్యము సిద్ధించెననుట మాకు పొసగుట లేదు.

పరదేశస్థుల తప్పు లెన్నుచున్నామని మనము మురియ బనిలేదు. మన సాంఖ్యులును జగత్తును పురుషుడనియు ప్రకృతియనియు విభజించిరి. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో ప్రకృతికి నర్తకి ఉపమానముగా వచ్చినది. సభకు తన్ను జూపి యామె ఎట్లు విరమించునో, ప్రకృతియు పురుషునకు తన్ను జూపి యట్లు విరమించునట. సలోమికిని ఈ నర్తకికిని భేదము గమనింపదగినది. కారికలలోని నర్తకి పురుషుని విడుదల కొరకే పాటుపడునది, తనకొరకు ప్రతిఫలము కోరనిది. శత్రువు గాదు, ఉపకారిణి. కాని మన వైరాగ్యకవులు ఆ యుదారమైన యుపమానమును మరచి, స్త్రీని తోలు, ఎముక, మాంసము అని విడదీసి లెక్కించి, ఆ లెక్కను వేదాంతమనిరి. ఆ కవి తన దేహము దేనితో చేయబడినదని తలచెనో! ఇది యుపమానమేగాని స్త్రీలను ఉద్దేశించినది కాదని పండితులు సమాధానము చెప్పుదురు. పుస్తకములోని యుపమానము పుస్తకముననే యుండిన మాకు తగవు లేదు. వితంతువుకు తల గొరిగించుటలో, ఆడుపిల్లకు అక్షరము లేకుండ జేయుటలో, ఆమె దేహమే ఆమె యను నీ లెక్కయే పనిచేసినది. నిందకు స్త్రీని దేహమాత్రముగా జూచుటయు, భోగమునకు దేహమాత్రముగా జూచుటయు వేరువేరు దుకాణములలో దొరకు ఒక్క సరకే.

ఇక మన్నును నమ్మినవాని కడకు పోదము. ఓదిలాన్ రెడాన్ 1840లో బోర్డో నగరమున పుట్టి, బాల్యమును పెయ్‌ర్‌లబాద్ అను పల్లెటూరి యెస్టేటులో నొంటరిగా గడపెను. అతని గురువులలో మిగుల ముఖ్యుడు చిత్రకారుడు గాడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆర్మాన్ క్లావో అను నతడు సూక్ష్మదర్శినిలో, జంతువో మొక్కయో తేలని యతిసూక్ష్మజీవములను పరిశీలించుచు, వానిని గూర్చి యీ యువకునకు చెప్పుచుండెడివాడు, పుస్తకములును ఇచ్చుచుండెడివాడు. ఆత్మను వెదకినవాడు శాస్త్రమును చూచి జడుసుకొనలేదు. అదృశ్యమును వ్రాయవలెనన్న దృశ్యముయొక్క న్యాయమును తప్పరాదని అతడు నేర్చుకొనినది అచ్చటనే యని మా తలంపు. 1879లో 'స్వప్నమున' అను పది రాతియచ్చుల సంపుటితో అతడు లోకమునకు తెలిసెను. రాతియచ్చు పనికి దారి చూపినవాడు ఫాన్తాన్-లతూర్.

దాదాపు యాబదియేండ్లు వచ్చువరకు రెడాన్ పని ముఖ్యముగా బొగ్గుతోనే. బొగ్గు కంటె నీచమగు ద్రవ్యమేది? పొయ్యిలో మిగిలినది, తాకిన చేతికి అంటునది, ఊదిన పోవునది. రెడాన్ రంగు కాగితముపై దానిని పొరలుగా రుద్ది, తుడిచి, గీకి, చీకటిలోనుండి వెలుగును వెలికి దీసెను. చెదరకుండుటకై పూసిన జిగురు ద్రావకము కాగితమున కొక లేత బంగారు చాయ దెచ్చెను. అతని నలుపు లేమి గాదు, పసిమి గలది. దానిలోనుండి ఏదో యొకటి పుట్టబోవుచున్నట్లుండును. 1882 నాటి రాతియచ్చు నొకదానిలో పెద్ద కన్నొకటి బెలూనువలె ఆకాశమున కెగయుచు, క్రింద పళ్లెములో నొక శిరస్సును మోసికొనిపోవును. వింతయే. ఐనను ఆ కంటికి రెప్పవెండ్రుకలు సరిగానున్నవి, బెలూను త్రాళ్లు సరిగా కట్టియున్నవి, క్రింది నీటికి బరువున్నది. వింత నమ్మదగినదైనది అందువలననే.

మొరో 'దర్శనము' వెలువడిన మరుసటి యేడు, 1877లో, రెడాన్ బొగ్గుతో నొక హతసాక్షి శిరస్సును వ్రాసెను. అది నేడు హాలెండు దేశమున క్రోలర్-ముల్లర్ మ్యూజియములో నున్నది. ఆ శిరస్సు పళ్లెమున నిలిచి, కన్నులు మూసికొని శాంతముగా నున్నది. అంతే. నర్తకి లేదు, రాజసభ లేదు, ఒక్క మణి లేదు. నిందింపబడుటకు ఎవరును పటములో లేకపోగా చావునకును శాంతికిని గల సంబంధమొక్కటే మిగిలినది. అతడెన్నడు స్త్రీని భయంకరముగా వ్రాయలేదని మేమనము. ఫ్లోబేరు గ్రంథమునకై 1889లో చేసిన రాతియచ్చులలో మృత్యువును సర్పమువలె మెలిదిరిగిన స్త్రీదేహముతో చూపినాడు. అది యా కాలపు గాలి, అతనికిని సోకినది. అతని యుత్తమకృతులు దానిపై నిలువలేదు.

1890లో వ్రాసిన 'మూసిన కన్నులు' ఉత్తమములలో ఉత్తమము. నాలుగువందల నలుబది మిల్లీమీటర్ల యెత్తు, మూడువందల అరువది వెడల్పు. ఒడిలో పెట్టుకొని చూడదగిన పటము. క్షితిజరేఖకు వెనుక, నీటినుండియో మబ్బునుండియో, భుజములతో నొక శిరస్సు పైకి లేచి, ఒక ప్రక్కకు వాలి, కన్నులు మూసికొనియున్నది. స్త్రీయో పురుషుడో నిశ్చయింపలేము. అతని భార్య కమీల్ పోలికలని కొందరు, మైకెలాంజెలో చెక్కిన మరణించు బానిస పోలికలని కొందరు చెప్పుదురు. రెండును నిజమే కావచ్చును. డెల్విల్ శిష్యులయందు లేని యైక్య మిచ్చట గలదు. కారణము మాకిట్లు దోచును: ఇందెవరిని గడప వెలుపల నిలుపలేదు. తైలవర్ణమును మిగుల పలుచ చేసి పూయుటచే గుడ్డ నేత పోగులు పటమంతటను కనబడుచున్నవి. చిత్రకారుడు తన గుడ్డను దాచలేదు. ఇది నేసిన నార, దీనిపై కొంచెము రంగు, అని ఒప్పుకొనియే ఆ మొగమును మనకు చూపినాడు. అయినను ఆ మూసిన రెప్పల వెనుక ఏమున్నదో యని మన మనస్సు నిలిచిపోవును. ఫ్రెంచి ప్రభుత్వము దీనిని 1904లో కొనినది. నేడు పారిసులోని ఒర్సే మ్యూజియమున నున్నది. అచ్చుప్రతిలో ఆ నేత మాయమగును, పటము సగము చచ్చును. డెల్విల్ పటమునకు అచ్చులో అంతటి నష్టము రాదు. దానిలో చెప్పదలచినది కథ గాని గుడ్డ గాదు. ఏ చిత్రము అచ్చువలన ఎక్కువ నష్టపోవునో ఆ చిత్రముననే జడమునకును చైతన్యమునకును సంధి కుదిరినదని గుర్తించుట సులభము.

ఓరియే పొగడిన గోగాన్ విషయము కొద్దిగా చెప్పి విడుతుము. 1888లో బ్రిటనీ ప్రాంతమున వ్రాసిన 'ధర్మోపదేశము తరువాతి దర్శనము' ఎడింబరోలో నున్నది. తెల్లని కుచ్చుటోపీలు ధరించిన పల్లెస్త్రీలు ప్రార్థన ముగించి నిలిచియున్నారు. ఏటవాలుగా నొక చెట్టు. దాని కావల ఎర్రని నేలపై యాకోబు దేవదూతతో పెనగులాడుచున్నాడు. ఏ మైదానమును ఆ యెరుపున నుండదు. ఆ స్త్రీలు విన్న యుపదేశము వారి మనస్సున పండి నేలకు రంగైనది. గోగాన్ ఆ పటమును సమీపగ్రామపు దేవాలయమునకు ఇయ్యబోగా మతాచార్యుడు వలదనెను. పాలు పితికి, వంట చేసి, గరుకుచేతులతో నమస్కరించు స్త్రీలకు దర్శనము గలుగునని యా కాలమున వ్రాసినందులకు మే మాయనకు ఋణపడియున్నాము. పిదప తాహితీ ద్వీపమున చిన్నవయస్సు బాలికలయెడ ఆయన నడత యెట్టిదో యెరిగియు ఈ మాట చెప్పుచున్నాము. చిత్రము చిత్రకారుని కంటె మేలైనదగుట మొరోయందును చూచితిమి.

స్త్రీయే కుంచె పట్టిన నీ తగవు ఎట్లు తీరునని అడుగవచ్చును. దానికి ఊహ అక్కరలేదు. ఇంగ్లండులో ఎవెలిన్ ది మోర్గాన్ (1855-1919) అను నామె స్లేడ్ కళాశాలలో 1873లో చేరి, తొలితరపు విద్యార్థినులలో నొకతె యయ్యెను. 1889లో స్త్రీల ఓటుహక్కును కోరు ప్రకటనమున సంతకము చేసెను. పరలోకజీవులతో సంభాషణ యందు నమ్మకము గలదియై, భర్తతో గూడి వ్రాసిన యొక పుస్తకమును 1909లో పేరు లేకుండ ప్రకటించెను. ఆ నమ్మకములతో మాకు పొత్తు లేదు. ఆమెను ప్రీ-రాఫేలైటుల వెంటివారిలో లెక్కించుట వాడుక. కాని ఆమె జీవితమంతయు వ్రాసినది జడబంధమున చిక్కిన యాత్మను గూర్చియే గనుక ప్రతీకవాదుల పంక్తిలో పీట వేయుట న్యాయము. పెలదాన్ శాలలో ఆమెకు పీట లేదు.

ఆమె తుదిదశలోని చిత్రములలో 'బంగారు పంజరము' ఒకటి. సంపన్నగృహమున నొక గది. వృద్ధుడగు భర్త కుర్చీలో కూర్చుండి తల వంచుకొనియున్నాడు. యువతియగు భార్య బంగారు చాయ వస్త్రము ధరించి, చేయి పైకెత్తి కిటికీలోనుండి చూచుచున్నది. గదిలో పంజరమున నొక పక్షి. వెలుపల ఆకాశమున నొక పక్షి. దూరమున వీథివెంట జనులు పాడుచు ఆడుచు పోవుచున్నారు. నేలమీద, ఆమె పాదముల కడ, విసరివేసిన నగలును ఒక పుస్తకమును పడియున్నవి. మొరో సలోమికి తొడిగిన మణులే యివి. ఇచ్చట ఆమె తీసివేసినది. జడమను పేరు దేనికి దగునో ఈ పటము వేలెత్తి చూపుచున్నది: గోడకు, కుర్చీకి, పంజరమునకు, నగకు, ఆ నగలు కొనిపెట్టి తల వంచుకొని కూర్చున్నవానికి. పుస్తకము నేల పడియుండుట చూచి మొదట మేము కొంత నొచ్చుకొంటిమి. చదువును గూడ నగలతో విసరివేయవలెనా? కాని అది ఆమె యడిగి తెచ్చుకొనిన పుస్తకమో, ఊరకుండుటకై యెవరో చేత బెట్టిన పుస్తకమో పటము చెప్పదు. కిటికీ మాత్రము తెరచియున్నది.